రీజనల్ వీసా మీద వెళ్లి సిడ్నీలో ఉండవచ్చా? ఏజెంటు మాట నమ్మాలా?

రేణిగుంట షిఫ్టు
రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజినీరును. మెకానికల్ బీటెక్, 13 ఏళ్ల అనుభవం, వయసు 38 దాటింది. ఇద్దరు పిల్లలు. తిరుపతిలో ఒక ఏజెంటు దగ్గరికి వెళ్తే ఆస్ట్రేలియా 491 అనే రీజనల్ వీసా, అంటే పెద్ద నగరాల్లో కాకుండా మిగతా ప్రాంతాల్లో ఉండాల్సిన వీసా, చెప్పాడు. మామూలు వీసాకు నా పాయింట్లు చాలవట, ఇందులో 15 పాయింట్లు ఊరికే కలుస్తాయట. మొత్తం ఆరు లక్షలు, ముందుగా లక్షన్నర కట్టాలి. మా పిన్నమ్మ కొడుకు సిడ్నీలో ఉన్నాడు, నేను కూడా అక్కడే ఉండాలని అంటే, ‘దిగేవరకే సార్ రీజనల్, దిగాక మీ ఇష్టం, అడిలైడ్‌లో ఒక చిరునామా చూపిస్తే చాలు’ అన్నాడు. నిజమేనా?
ఇంకొకటి. మా బావమరిదికి చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు యూనిట్ ఉంది. అతనికి కెనడాలో చిన్న ఊళ్లకు వ్యాపారుల వీసా ఉందని అదే ఏజెంటు చెప్పాడు. తెలిసినవాళ్లు చెప్పండి. డబ్బు శుక్రవారం కట్టాలి.

గాలిగోపురం
శుక్రవారమే ఎందుకు? ముహూర్తం కూడా ఆయనే పెట్టాడా?

లెక్కల పిచ్చి
ఊరికే కలిసే పాయింట్లు ఎక్కడా ఉండవన్నా. ఆ 15 పాయింట్లు రాష్ట్రం ఇచ్చేవి. ‘ఇతను మాకు కావాలి, మా దగ్గర ఉంటాడు’ అని నామినేట్ చేసినందుకు. 190 వీసాకైతే రాష్ట్రం ఇచ్చేవి 5 పాయింట్లే, కాని అది దిగిన రోజు నుంచే శాశ్వత నివాసం. 491 అయిదేళ్ల తాత్కాలిక వీసా. మూడేళ్లు రీజనల్ ప్రాంతంలో ఉండి, ఆ మూడేళ్ల ఆదాయపు పన్ను నోటీసులు చూపిస్తే 191 అనే శాశ్వత వీసా వస్తుంది. చిరునామా చూపించడం కాదు, జీతం ఎక్కడ పడింది, పని ఎక్కడ చేశావు, పిల్లలు ఎక్కడ చదివారు, అన్నీ బయటపడతాయి. వీసా షరతు ఉల్లంఘిస్తే రద్దు చేసే అధికారం వాళ్లకుంది.

స్వర్ణముఖి
491 మీద ఉన్నవాళ్లు మూడేళ్లు నిండకముందే రాష్ట్రం నామినేషన్ అక్కర్లేని 189, లేదా 190 లాంటి శాశ్వత వీసాలకు మారడానికి కూడా లేదు. మా మరిది ఇది తెలియక రెండో ఏడాదే ఇంకో దారి వెతికి, ఫీజులు పోగొట్టుకుని కూర్చున్నాడు.

గాలిగోపురం
కొండకు నడిచివెళ్లే భక్తులకని దివ్యదర్శనం టోకెన్లు ఇస్తే, టోకెన్ తీసుకుని బస్సెక్కిన మహానుభావులు మనవాళ్లే కదా. అందుకే దారి మధ్యలో మెట్ల దగ్గర స్కానింగ్ పెట్టారు. లెక్కల పిచ్చి చెబుతున్న పన్ను నోటీసులు ఆ స్కానింగే. మెట్లెక్కనివాడికి పైన క్యూలో చోటు లేదు.

చిత్తూరు గ్రానైట్
ఆ ఏజెంటు చెప్పింది మొత్తం అబద్ధం అనకండి. నా స్నేహితుడు కెనడాలో ఒక చిన్న ప్రావిన్సు నామినేషన్ మీద వెళ్లి, పీఆర్, అంటే శాశ్వత నివాసం, వచ్చిన రెండు నెలలకే టొరంటో చేరాడు. ఎవరూ ఏమీ అనలేదు.

లెక్కల పిచ్చి
దేశం మార్చేశారు. కెనడా వేరు, ఆస్ట్రేలియా వేరు. కెనడాలో నామినేషన్ మీద వచ్చేది నేరుగా శాశ్వత నివాసం. 1982 నాటి హక్కుల చార్టర్‌లో ఆరో సెక్షన్ ప్రకారం శాశ్వత నివాసి ఏ ప్రావిన్సుకైనా వెళ్లి ఉండవచ్చు. ఆస్ట్రేలియా 491లో ఆ వెసులుబాటు లేదు, షరతు వీసాకే అంటిపెట్టుకుని ఉంటుంది.

చిత్తూరు గ్రానైట్
అదే నేను చెప్పేది. హక్కు ఉంది కదా. ఇంక తప్పేముంది?

బ్రాండన్ చలి
నేను మానిటోబాలో బ్రాండన్‌లో ఉంటున్నాను. పుట్టింది పాకాలలో. గ్రానైట్ గారూ, హక్కు ఉన్న మాట నిజం. కాని దరఖాస్తులో ‘ఈ ప్రావిన్సులో స్థిరపడే ఉద్దేశం నాకు ఉంది’ అని సంతకం పెడతాం. పెట్టే రోజుకే ఆ ఉద్దేశం లేదని తేలితే అది తప్పుడు సమాచారం ఇవ్వడం. అక్కడి వలస చట్టం 40వ సెక్షన్ కింద అయిదేళ్లు దరఖాస్తే పెట్టుకోలేరు, వచ్చిన పీఆర్ కూడా పోవచ్చు. వచ్చాక ఉద్యోగం పోయి, వెతికీ వెతికీ దొరక్క వేరే చోటికి వెళ్లడం వేరు. విమానాశ్రయంలోనే టొరంటో టికెట్ చేతిలో పెట్టుకుని దిగడం వేరు.
ఇంకో మాట. మీ స్నేహితుడు ఒక్కడు పోతే ఏమీ కాదు. వందమంది పోతే ఆ దారే మూసుకుంటుంది. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో వ్యాపారులకు ముందే పీఆర్ ఇచ్చి, వ్యాపారం పెడతామన్న హామీగా డిపాజిట్ తీసుకునేవాళ్లు. చాలామంది డిపాజిట్ వదులుకుని మరీ పెద్ద నగరాలకు వెళ్లిపోయారు. 2018లో ఆ పద్ధతే ఎత్తేశారు. ఏరు దాటాక తెప్ప తగలేస్తే వెనుక వచ్చేవాడు ఈదుకుంటూ రావాలి.

చిత్తూరు గ్రానైట్
వాళ్లకు మనుషులు కావాలి, మనకు దేశం కావాలి. ఇది బేరం. అందులో నీతి ఎందుకు కలుపుతారు?

బ్రాండన్ చలి
బేరం అని మీరే అన్నారు. రాయి లోడు పంపుతానని అడ్వాన్సు తీసుకుని పంపకపోతే మీ చిత్తూరులో దాన్ని ఏమంటారు?

గాలిగోపురం
దెబ్బ గట్టిగా తగిలింది. రాయికే.

రేణిగుంట షిఫ్టు
అందరికీ ధన్యవాదాలు. సిడ్నీ ఆశ వదిలేశాను అనుకోండి. అయితే రీజనల్ అంటే మరీ పల్లెటూరా? పిల్లల చదువు ఎలా? మా ఆవిడ ఇక్కడ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, ఆమెకు అక్కడ ఏదైనా చిన్న పని దొరికితే చాలు. దరఖాస్తులో ఆమె డిపెండెంట్.

రాత్రి డ్యూటీ
ఒక్క నిమిషం ఆగండి. మీ ఆవిడ నర్సా? బీఎస్సీ నర్సింగా, జీఎన్ఎమ్మా? ఎన్నేళ్ల అనుభవం? వయసెంత?

గాలిగోపురం
రీజనల్ అంటే పుత్తూరు అనుకున్నావా షిఫ్టు తమ్ముడూ? సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ మూడూ తీసేస్తే ఆస్ట్రేలియా అంతా రీజనలే. ఇరవై లక్షలు దాటిన పెర్త్ కూడా రీజనలే. అడిలైడ్, గోల్డ్‌కోస్ట్, హోబార్ట్, డార్విన్, చివరికి దేశ రాజధాని కాన్‌బెర్రా కూడా. మనం తిరుపతిని మహానగరం అనుకుంటూ పెర్త్‌ను పల్లె అంటున్నాం.

రేణిగుంట షిఫ్టు
బీఎస్సీ నర్సింగ్. వయసు 34. తొమ్మిదేళ్లుగా చేస్తోంది, అయిదేళ్లు ఐసీయూలో. ఎందుకక్కా?

రాత్రి డ్యూటీ
ఎందుకా? ఏజెంటుకు పెట్టె నిండా పనికివచ్చే కాగితాలు చూపించి, అందులో పనికివచ్చే మనిషిని ‘డిపెండెంట్’ అని రాయించారు కాబట్టి. నేను తిరుపతిలోనే చదివి, ఇక్కడే ఏడేళ్లు చేసి, ఇప్పుడు అడిలైడ్‌లో నర్సుగా ఉన్నాను. ప్రధాన దరఖాస్తుదారు ఆమె కావాలి, మీరు ఆమె వెంట రావాలి.
దారి చెబుతాను. మన దగ్గర చదివిన నర్సులు చాలామంది అక్కడి రిజిస్ట్రేషన్ కోసం ముందు ఎన్‌క్లెక్స్ పరీక్ష రాయాలి. అది మన దేశంలోనే రాయవచ్చు. తర్వాత ఓఎస్‌సీఈ అనే ప్రాక్టికల్ పరీక్ష, దానికి ఆస్ట్రేలియాకే రావాలి. ఒక గదిలో రోగి వేషం వేసిన మనిషి ఉంటాడు, పక్క గదిలో బొమ్మ ఉంటుంది. చేయి కడగడం మరచిపోయినా, రోగి పేరు అడగకుండా మందు ఇచ్చినా పోయినట్టే. నేను మొదటిసారి అక్కడే తప్పాను. ఐసీయూలో వందసార్లు చేసిన పనే. మన దగ్గర చేసిన పనిని నోటితో చెప్పడం అలవాటు ఉండదు, అక్కడ ప్రతి అడుగూ పలుకుతూ చేయాలి. తిరుగు టికెట్ డబ్బులు గుర్తుకొచ్చి హోటల్ గదిలో ఏడ్చాను. రెండోసారి రావడానికి మా అమ్మ గాజులు తాకట్టు పెట్టాం. ఇప్పుడు విడిపించేశాంలెండి.

లెక్కల పిచ్చి
అక్క చెప్పింది అంకెల్లో చూద్దాం. అన్న ప్రధానమైతే వయసుకు 25, డిగ్రీకి 15, ఎనిమిదేళ్లు దాటిన అనుభవానికి 15, ఇంగ్లిషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో అన్ని విభాగాల్లోనూ 7 వస్తే 10. మొత్తం 65. వదిన ఇంగ్లిషు మాత్రమే చూపితే మరో 5. రాష్ట్రానివి 15 కలిపి 85.
వదిన ప్రధానమైతే ఆమెకూ అవే 25, 15, 15, 10. అన్న తన ఇంజినీరింగ్ అసెస్‌మెంట్, అంటే చదువూ అనుభవమూ సరిపోతాయన్న ధ్రువీకరణ, కూడా తెచ్చుకుంటే భాగస్వామి నైపుణ్యానికి 5 బదులు 10. రాష్ట్రానివి కలిపి 90. పైగా నర్సులను పిలవడానికి రాష్ట్రాలు ఎదురుచూస్తున్నాయి.
ఇంకొకటి గమనించండి. 40 నిండితే వయసు పాయింట్లు 25 నుంచి 15కు పడిపోతాయి. అన్నకు ఆ గడువు దగ్గరపడింది, వదినకు ఇంకా ఆరేళ్లుంది. 45 నిండితే ఎవరికైనా తలుపు మూసినట్టే. కనీసం 65 అనేది దరఖాస్తు పెట్టుకోవడానికి మాత్రమే, 65 ఉంటే పిలుపు వస్తుందని కాదు.

గాలిగోపురం
ఆరు లక్షల ఏజెంటుకు ఈ లెక్క ఎందుకు తట్టలేదో?

స్వర్ణముఖి
తట్టే ఉంటుంది. ఇంజినీరు ఫైలుకు రిపోర్టు రాసిపెట్టి విడిగా డబ్బు తీసుకోవచ్చు కదా. షిఫ్టు గారూ, ఆ అసెస్‌మెంట్ చేసే ఇంజినీర్స్ ఆస్ట్రేలియా వాళ్లకు పంపే సీడీఆర్, అంటే మీ పని గురించి మూడు ఉదంతాలు రాసే నివేదిక, దాని గురించి ఏమన్నాడు?

రేణిగుంట షిఫ్టు
‘మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి సార్, పేరు మారిస్తే చాలు, అరవై వేలు’ అన్నాడు.

స్వర్ణముఖి
అనుకున్నాను. వాళ్లు ప్రతి రిపోర్టునూ కాపీ పరీక్ష చేస్తారు. దొరికితే తిరస్కరించడమే కాదు, కొంతకాలం మళ్లీ దరఖాస్తు పెట్టకుండా నిషేధిస్తారు. మీరు పదమూడేళ్లు బాగుచేసిన యంత్రాల గురించి మీకంటే బాగా ఎవరు రాస్తారు? పాడైన బేరింగు గురించి, ఆపిన లైను గురించి, మీరు వేసిన లెక్క గురించి రాయండి. ఇంగ్లిషు గొప్పగా ఉండనక్కర్లేదు.

తోతాపురి
నేనే ఆ బావమరిదిని. బావ లింకు పంపాడు. నా ప్రశ్నను అందరూ మరచిపోయినట్టున్నారు.

గాలిగోపురం
మామిడి సీజను కాదు కదా, అందుకే.

తోతాపురి
సీజను మాట ఎత్తకండి. 2025లో ఏం జరిగిందో జిల్లా అంతా చూసింది. కిలోకు యూనిట్లు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలన్నారు. రైతు ట్రాక్టరు తీసుకుని గేటు బయట రోజులు గడిపాడు. లోపల నా దగ్గర ముందటేడు గుజ్జే డ్రమ్ముల్లో అమ్ముడుపోకుండా ఉంది. ఇటు రైతు తిడతాడు, అటు బ్యాంకు తిడుతుంది. అందుకే వేరే దారి చూస్తున్నాను. బ్రిటిష్ కొలంబియాలో చిన్న ఊళ్లకు వ్యాపారుల పథకం ఉందని ఏజెంటు చెప్పాడు. డబ్బు పెడితే పీఆర్ అన్నాడు.

బ్రాండన్ చలి
పథకం ఉన్న మాట నిజం. ‘డబ్బు పెడితే పీఆర్’ అన్నదే అబద్ధం. అది 75 వేల లోపు జనాభా ఉండి, పెద్ద ఊరికి 30 కిలోమీటర్ల అవతల ఉన్న ఊళ్లకు. మీకు కనీసం 3 లక్షల కెనడా డాలర్ల నికర ఆస్తి ఉండాలి, అందులో లక్ష పెట్టుబడి పెట్టాలి, కనీసం ఒక స్థానికుడికి ఉద్యోగం ఇవ్వాలి. వ్యాపారంలో సగానికి పైన వాటా మీదే అయి ఉండాలి. అన్నిటికంటే ముందు మీరే ఆ ఊరికి స్వయంగా వెళ్లి, ఊరివాళ్లతో మాట్లాడి, ‘ఈయన వ్యాపారం మాకు పనికివస్తుంది’ అన్న సిఫారసు తెచ్చుకోవాలి. ఇవన్నీ అయ్యాక వచ్చేది వర్క్ పర్మిట్. ఒప్పుకున్నట్టు దుకాణం నడిపి చూపిస్తేనే నామినేషన్, ఆ తర్వాతే పీఆర్.
ఏ పథకం ఎప్పుడు మూస్తారో కూడా చూసుకోండి. సస్కాచెవాన్ తన వ్యాపారుల పథకాన్ని 2025లో మూసేసింది. కెనడా అంతటా ప్రావిన్సుల నామినేషన్ల మొత్తం సంఖ్యే ఊగుతోంది. 2024 ప్రణాళికలో 1,10,000, 2025లో 55,000, 2026కు మళ్లీ 91,500.

తోతాపురి
3 లక్షల డాలర్లంటే రెండు కోట్లకు కాస్త అటూ ఇటూ. భూమి ఉంది. యూనిట్ ఉంది. చూపించగలను.

పాత తాసీల్దారు
నాయనా, భూమి అన్నావు కాబట్టి వచ్చాను. ముప్పై ఏళ్లు ఇవే కాగితాలు చూశాను. నీ భూమిలో డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం అసైన్ చేసి ఇచ్చింది, ఎంత?

తోతాపురి
ఆరెకరాలు సార్. మొత్తం పదకొండు.

పాత తాసీల్దారు
అయితే ఆ ఆరెకరాలు లెక్కలో నిలవడం కష్టం. స్వేచ్ఛగా అమ్ముకునే హక్కు లేని భూమికి విలువ కట్టి ఆస్తిగా చూపితే, ఆడిటరు అడిగే మొదటి ప్రశ్నే అది. మిగతా అయిదెకరాలకు మార్కెట్టులో నువ్వు చెప్పే ధర వేరు, రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ వేరు. పదేళ్ల కిందట కొన్నప్పుడు దస్తావేజులో ఎంత రాయించావు?

తోతాపురి
అందరూ రాయించినట్టే.

పాత తాసీల్దారు
అంటే మిగతాది నోట్ల కట్టల్లో ఇచ్చావు. డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో ఏటికేడు చూపించాలంటారు. పన్ను మిగుల్చుకున్నానని ఆనాడు సంతోషించావు, ఈనాడు నీ ఆస్తి కాగితం మీద సగమైంది. యూనిట్ మీద బ్యాంకు అప్పు కూడా తీసేయాలి. ఈసీ, 1బి, పాసు పుస్తకం ముందేసుకుని ఒక చార్టర్డ్ అకౌంటెంటు దగ్గర కూర్చో. ఆయన ఫీజు ఏజెంటుకు ఇచ్చే అడ్వాన్సులో పదో వంతు కూడా కాదు.

చిత్తూరు గ్రానైట్
ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. నా ఫైలు ఇక్కడే ఆగింది. అంతకుముందు నాకు తెలియదు నేనింత పేదవాడినని.

గాలిగోపురం
గ్రానైట్ గారు మొదటిసారి ఒప్పుకున్నారు. ఈ పోస్టుకు ఫ్రేము కట్టించాలి.

తోతాపురి
మరి ఉద్యోగం చూపించి వెళ్లే దారి? అదే ఏజెంటు పన్నెండు లక్షలకు జాబ్ ఆఫర్ కాగితం తెప్పిస్తానన్నాడు.

బ్రాండన్ చలి
కొనుక్కున్న జాబ్ ఆఫర్ల బెడద పడలేకే 2025 మార్చి 25 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, అంటే కెనడా పీఆర్‌కు పాయింట్ల మీద పిలిచే పద్ధతిలో, జాబ్ ఆఫర్ పాయింట్లు పూర్తిగా తీసేశారు. ప్రావిన్సు నామినేషన్‌కు ఇచ్చే 600 పాయింట్లు మాత్రం ఉన్నాయి. నిజమైన ఉద్యోగం ఉంటే దారులు లేకపోలేదు. అట్లాంటిక్ తీరంలోని నాలుగు ప్రావిన్సుల పథకం ఒకటి, 2022 నుంచి శాశ్వతం చేశారు. 2025 జనవరిలో 14 చోట్ల గ్రామీణ పైలట్ మొదలుపెట్టారు, మా బ్రాండన్ కూడా అందులో ఉంది. రెండిట్లోనూ ముందే గుర్తింపు పొందిన యజమానే ఉద్యోగం ఇవ్వాలి. ఆ యజమాని నీ దగ్గర డబ్బు అడిగితే అతను యజమాని కాదు.

రేణిగుంట షిఫ్టు
బ్రాండన్ అన్నా, చిన్న ఊళ్లో ఎలా ఉంటుంది, నిజం చెప్పండి.

బ్రాండన్ చలి
మొదటి చలికాలం మైనస్ 30లో కారు స్టార్టు కాక ఏడుపొచ్చింది. ఇక్కడ ఇంజినుకు కూడా రాత్రిపూట కరెంటు తీగ తగిలించి వెచ్చగా పడుకోబెట్టాలని ఎవరూ చెప్పలేదు. కావలసిన సరుకులు దొరకాలంటే విన్నిపెగ్ వెళ్లాలి, రెండు గంటల పైన ప్రయాణం. మా ఆవిడ ఏడాది పాటు వెళ్లిపోదాం అంటూనే ఉంది. అయితే మా అబ్బాయి బడికి నడిచి వెళ్తాడు, డాక్టరు పేరుపెట్టి పిలుస్తాడు, ఇల్లు కొన్నాం. టొరంటోలో ఉన్న మా తోడల్లుడు ఇంకా బేస్‌మెంటులోనే అద్దెకున్నాడు. ఎవరిది మంచి నిర్ణయమో పండగలకు ఫోనులో ఇప్పటికీ వాదించుకుంటాం.

రాత్రి డ్యూటీ
అడిలైడ్‌లో చలి బాధ లేదు, ఎండ మన తిరుపతిదే. షిఫ్టు తమ్ముడూ, ఏజెంటు కావాలనుకుంటే ఆస్ట్రేలియాకు మారా, అంటే అక్కడ వలస ఏజెంట్లను నమోదు చేసే సంస్థ, ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడుగు. తోతాపురి గారూ, కెనడాకు అక్కడి కన్సల్టెంట్ల కాలేజీ ఇచ్చిన లైసెన్సు నంబరు అడగండి. రెండూ వాళ్ల వెబ్‌సైట్లలో వెతికి చూసుకోవచ్చు. నంబరు చెప్పడానికి తడబడితే లేచి వచ్చేయండి.

రేణిగుంట షిఫ్టు
అడిగాను. ‘చెన్నైలో మా హెడ్డాఫీసుకు ఉంది సార్’ అన్నాడు. ఆ పేరుతో వెతికితే జాబితాలో లేదు. శుక్రవారం కట్టడం లేదు.
మా ఆవిడ నైటు డ్యూటీ నుంచి వచ్చి ఈ చర్చ మొత్తం చదివింది. నేను డిపెండెంట్ అన్న చోట రెండుసార్లు చదివింది. ఎన్‌క్లెక్స్‌కు చదువుకోవాలట, కాబట్టి ఇవాళ్టి నుంచి పిల్లల క్యారియర్లు డిపెండెంటే కట్టాలట.

రాత్రి డ్యూటీ
ఆమె నంబరు నాకు విడిగా మెసేజ్ పెట్టండి. ఆమెతోనే మాట్లాడతాను.

గాలిగోపురం
క్యారియర్‌లో పులిహోర పెట్టు తమ్ముడూ, తప్పు చేసినా ఎవరికీ తెలియదు.

కొత్తగా చేరాను
ఇది మొదటినుంచి చదివాను. నాకూ అదే చెప్పారు, దిగాక మీ ఇష్టం అని. నేను మొన్ననే లక్షన్నర కట్టేశాను. తిరిగి ఇస్తారా?

పాత తాసీల్దారు
రశీదు ఉందా? దేనికి కట్టినట్టు రాశారు?

కొత్తగా చేరాను
ఉంది సార్. ‘సలహా రుసుము’ అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఏదో ఉంది, ఫోటో పెడుతున్నాను.